పౌనే దో

లెక్కలంటే నాకు భయమని ఎవరైనా అంటే ఊరుకోను. భయం కాదు, కోపం. బల్లిని చూస్తే భయం, మా ఆడబిడ్డను చూస్తే కోపం. ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఇరవై రెండేళ్ల కింద పదో తరగతిలో అన్నీ పాసై, ఒక్క లెక్కల్లో పోయాను. ఆ తర్వాత బోయిగూడలో మా నాన్న దర్జీ పని చేసిన గదిలోనే నా మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. కల్పలత చేతి జాకెట్ వేసుకున్నవాళ్లు ఇంకో దర్జీ గుమ్మం ఎక్కరు. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే గల్లీలో అడిగి చూడండి.

ఈ జనవరిలో అల్వాల్ నుంచి ఒక మేడం వచ్చింది. ఆడపిల్లలకు కుట్టు నేర్పే కేంద్రం పెట్టిందట. నా పని తిరగేసి, మరగేసి చూసి, "మా పిల్లలకు మీరే నేర్పాలె" అంది. నేను టీచరమ్మనా! "పదో తరగతి పాసైన కాగితం ఒక్కటి జూన్ లోపల తెచ్చియ్యండి. అప్పటిదాక ఎవర్ని పెట్టుకోను" అంది. ఒక్క కాగితం. దానికి అడ్డంగా లెక్కల పరీక్ష కూర్చుని ఉంది. ఏప్రిల్‌లో ప్రైవేటుగా రాయాలి. అది పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

నాకు చదువు చెప్పడానికి దొరికింది గుల్నాజ్. నా దగ్గర హుక్కులు, కాజాలు కుట్టే నూర్‌బీ ఖాలా కూతురు. ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. ఆ పిల్ల ఐదో తరగతి యూనిఫాం నేనే కుట్టాను, అప్పుడు ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. ఇప్పుడు కళ్లద్దాలు సర్దుకుంటూ నా ఎదురుగా కూర్చుని "అక్కా, హోంవర్క్ చేసినవా?" అంటే ఒళ్లు మండదా?

చదువు మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళకు బోయిగూడ మొత్తం కునుకు తీస్తుంది. గల్లీలో ఎండ తెల్లగా పరుచుకుంటుంది. స్టేషన్ నుంచి అనౌన్స్‌మెంట్ గాలిలో తేలుతూ వస్తుంది. బండి సంఖ్య ఒకటి, రెండు, ఏడు... ఆ గొంతు అంకెలను ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా పిలుస్తుందో! వింటూ వింటూ పుస్తకం మీదే తల వాల్చేదాన్ని.

అప్పుడు అంకెలు పెట్టెలు పట్టుకుని ఒక్కొక్కటే మా గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్లేవి. ఎనిమిది లావుగా ఉండేది, ఆయాసపడుతూ నడిచేది. ఏడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అన్నిటికన్నా వెనక ఎక్స్ వచ్చేది. ఎక్స్ ఒక ఆడమనిషి. ముఖం మీదికి కొంగు లాక్కుని నా మిషన్ పక్కన నిలబడి, "నాకొక జాకెట్ కుట్టాలె" అనేది. కొలత ఎంతమ్మా అని అడిగితే చెప్పేది కాదు. కొంగు వెనక నవ్వేది. ఆ నవ్వు చల్లగా, ఎక్కడో దూరంగా వినిపించేది. కళ్లు తెరిచేసరికి గుల్నాజ్ నన్నే చూస్తూ ఉండేది.

"నిద్రపోయినవా అక్కా?"

"లేదు. ఆలోచిస్తున్న."

"గురక పెట్టుకుంట ఆలోచిస్తున్నవా?"

అట్లా అని నేను కష్టపడలేదనుకోకండి. ఆమె చేసి చూపించిన ప్రతి లెక్కనూ ఇరవైసార్లు ఎత్తి రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ఫిబ్రవరి చివరికి రెండు నోట్‌బుక్కులు నిండాయి. గుల్నాజ్ వాటిని తిప్పి చూసి, ఒక లెక్కలో ఏడు కొట్టేసి తొమ్మిది వేసి, "ఇప్పుడు చెయ్యి" అంది. నాకు చెయ్యి ఆడలేదు. ఆమె నిట్టూర్చింది.

"అక్కా, నువ్వు నా లెక్క చేస్తున్నవ్. నా లెక్క చెయ్యకు. నీ లెక్క చెయ్యి."

మా దగ్గర 'నా లెక్క' అంటే 'నాలాగా' అని. ఆ పిల్ల అన్నది అదే. నా చెవికి మాత్రం వేరేగా వినబడింది.

"నువ్విచ్చిన లెక్కలు చెయ్యొద్దా? మరి నా లెక్కలు యాడికెళ్లి తేవాలె? గిన్ని దినాలు రాసినయన్నీ బేకారా?" అని నోట్‌బుక్కును మిషన్ కిందికి విసిరేశాను.

గుల్నాజ్ బిత్తరపోయింది. కాసేపటికి సంగతి అర్థమై పడీ పడీ నవ్వింది. "నా లెక్క అంటే నా లెక్క కాదక్కా, నా లెక్క!" అని మళ్లీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ బిగబట్టుకున్నాను. చిన్నపిల్ల ముందు అలుసైపోతాం.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. చూసి రాయడం బంద్. లెక్క ఒకసారి చదవాలి, పుస్తకం మూసేయాలి, నాకు తోచినట్టు చేయాలి. తప్పయితే ఎక్కడ తప్పిందో పక్కన ఒక ముక్క రాయాలి. తప్పులకు మళ్లీ ఒక నోట్‌బుక్కా! నాకు తల కొట్టేసినట్టయింది.

"కుట్టు తప్పితే ఏంజేస్తవక్కా?" అంది గుల్నాజ్.

"విప్పి మళ్ల కుడత."

"సిగ్గయితదా?"

సిగ్గెందుకు? కుట్టు విప్పని దర్జీ ఎక్కడైనా ఉంటాడా? పెన్ను తీసుకున్నాను.

పది రోజులు గడిచాక గుల్నాజ్ ఆ తప్పుల నోట్‌బుక్కులో ఒక పేజీ దగ్గర ఆగింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ముప్పావు వచ్చిన ప్రతిచోటా నా జవాబు చెడింది. అచ్చులో 1¾ అని ఉంటే, నా రెండో వరసలో అది 2¾ అయి కూర్చుంది.

"ఇది చదువు" అంది 1¾ మీద వేలు పెట్టి.

"పౌనే దో."

"తెలుగుల?"

"రెండు... ముప్పావు."

గుల్నాజ్ నా మెడలోని టేపు తీసి బల్ల మీద పరిచింది. "పౌనే దో యాడుందో చూపియ్" అంది. నా వేలు దానంతట అదే రెండు దాకా వెళ్లి, పావు వెనక్కి జరిగి ఆగింది.

"టేపు మీద వెనక్కి వచ్చినవ్. కాగితం మీద ముందుకెందుకు పోయినవక్కా?"

మా నాన్న నాకు పని నేర్పింది ఉర్దూ కొలతలతో. సవా దో అంటే రెండుంబావు, ఢాయీ అంటే రెండున్నర, ఆపైన పౌనే తీన్. పౌనే దో అంటే రెండుకు పావు తక్కువని నా వేళ్లకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్క జాకెట్ గుడ్డ పాడుచేయలేదు. కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం లోపల దాన్ని తెలుగు చేసుకునేదాన్ని. దో అంటే రెండు, పౌనే అంటే ముప్పావు, కలిపితే రెండు ముప్పావు. అంతే, ఒకటి ఎక్కువ పడిపోయేది.

పదో తరగతి గది కళ్లముందు కదిలింది. సార్ బోర్డు మీద 1¾ రాసి నన్ను లేపాడు. పౌనే దో అన్నాను. తెలుగులో ఏడువు అన్నాడు. రెండు ముప్పావు అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "కల్పలతా, నీకు ఈ జన్మల లెక్కలు రావు" అన్నాడు సార్. ఆయన మాట నమ్మాను. పరీక్షలో అరగంటకే పేపరిచ్చి బయటికి వచ్చాను.

మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. నూర్‌బీ ఖాలా చేతిలో జాకెట్ పక్కన పెట్టి పరుగున వచ్చింది. "ఏమైందే బిడ్డా? ఏం తక్లీఫ్ వచ్చింది?"

"నేను మొద్దుదాన్ని కాదు ఖాలా" అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి నా వీపు నిమురుతూ నిలబడింది.

పరీక్ష తిరుమలగిరిలో ఒక బడిలో పడింది. పొద్దున తొమ్మిదికే ఎండ కిటికీ చువ్వల మీద మెరుస్తోంది. పైన ఫ్యాను ఊగుతూ తిరుగుతోంది. నలభై మంది తలలు వంచుకుని రాస్తుంటే ఆ గదంతా నీళ్లలో మునిగినట్టు ఉంది. మెల్లగా రాసుకుంటూ పోయాను. చివరి పేజీలో ఎన్నడూ చూడని లెక్క ఎదురైంది. ఆరు మార్కులు. ఒక తోట పొడవు, వెడల్పుకు రెండింతల కన్నా మూడు మీటర్లు తక్కువ. చుట్టుకొలత యాభై నాలుగు. వెడల్పెంత?

కళ్లు మూసుకున్నాను. బయట చెట్ల మీద ఏదో పిట్ట కూస్తోంది. కొంగు కప్పుకున్న ఆ ఆడమనిషి వచ్చి నా బెంచీ పక్కన నిలబడింది. ఈసారి కొలత అడగలేదు, టేపు తీశాను. ముందు పంతొమ్మిది వచ్చింది. ఆ కొలతతో తోట చుట్టూ ఒకసారి నడిచి వచ్చాను. నూట ఎనిమిది మీటర్లయింది. సరిగ్గా రెండింతలు! పొడవూ వెడల్పూ ఒక్కోసారే కలిపాను, తోటకు నాలుగు వైపులుంటాయి కదా. అడ్డంగా కొట్టేసి కింద మళ్లీ మొదలుపెట్టాను. ఆమె కొంగు తీసింది. వెడల్పు పది, పొడవు పదిహేడు. మళ్లీ నడిచాను, యాభై నాలుగు.

మే నెలాఖరుకు ఫలితాలొచ్చాయి. ఫోనులో చూసి గుల్నాజ్ గాలిలోకి ఎగిరింది. "పాస్ అక్కా, పాస్! యాభై రెండు!" నూర్‌బీ ఖాలా నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. అల్వాల్ మేడంకు ఫోన్ చేస్తే సోమవారమే వచ్చి చేరమంది.

నేను మాత్రం ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో లెక్క పక్కన నాకు రావలసింది వేసుకుంటూ పోయాను. కలిపాను. కిందినుంచి పైకి మళ్లీ కలిపాను.

"యాభై ఎనిమిది రావాలె" అన్నాను.

"ముప్పై ఐదు చాలు కదక్కా. పాసైనవ్. ఇంకేం పరేషాన్?"

"ఆ తోట లెక్క నేను కరెక్ట్ చేసిన. ఆరు మార్కులు యాడ పోయినయ్?"

"కొట్టేసి కింద చేసినవ్ గదా, దిద్దినాయన కింద చూడలేదేమో."

"చూడమను."

"రీకౌంటింగ్ అంటే ఇంకో నెల పడ్తది అక్కా."

"పడనీ. నాకేం తొందర?"

గుల్నాజ్ నన్ను వింతగా చూసి, మర్నాడు ఫారం పట్టుకొచ్చింది. పేరు, నంబరు, సబ్జెక్టు తనే నింపింది. చివర్లో 'కారణం' అని ఒక ఖాళీ గీత ఉంది. "ఇక్కడ ఏం రాయాలె?" అంది. ఆమె చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. 'ఆ లెక్క నాకు వచ్చు' అని రాసి, కింద సంతకం పెట్టాను.