గట్టిపడ్డయంట

మా ఆయన మధు ఫోన్ ఎప్పుడూ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. గుర్తొచ్చావని దానికి అర్థం. ఆ ఒక్క మోతకే నాకు పూటంతా పండుగలా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆగలేదు. పిండి చేతులతోనే ఎత్తాను.

"బాపు పరీక్షలు చూసిండ్రు. టీబీ గిట్ల ఏం లేదంట," అన్నాడు. అటు దవాఖాన గోల, ఇటు మా ఇంటి మీద విమానం మోత. "ఊపిరితిత్తులు గట్టిపడ్డయంట."

"గట్టిపడ్డయా?"

"అవ్, డాక్టర్ సాబే అన్నడు. జర బాపుకు చెప్పు. నాకు డ్యూటీకి లేటైతుంది."

నేను గంతేయలేదు కానీ, గాజులు మాత్రం గంతేశాయి. పెళ్ళయి కొత్వాల్‌గూడకు వచ్చినప్పటి నుంచి మామ దగ్గు వినని పూట లేదు. తలంబ్రాలప్పుడు కూడా ఆయన పందిరి వెనక్కి వెళ్ళి దగ్గి వచ్చాడు. మా వైపు మనిషి గట్టిగా ఉన్నాడంటే అంతకు మించిన మంచి మాట లేదు. బీఎస్సీలో నేను చదివింది జీవశాస్త్రమే. అయినా ఆ క్షణాన నా చెవికి ఇంటి మాటే వినిపించింది.

మామ పెంటయ్య వాకిట్లో మా కోసం నులక మంచం అల్లుతున్నాడు. కొత్త జంటకు తన చేత్తో అల్లి ఇవ్వాలని ఆయన కోరిక. ఒక వరుస లాగడం, ఊపిరి కోసం ఆగడం, మళ్ళీ లాగడం.

"మామా, టీబీ కాదంట. ఊపిరితిత్తులు గట్టిపడ్డయంట."

"నేను జెప్పలే? క్రషర్ల రాళ్ళు కొట్టిన ఒళ్ళు బిడ్డా. రాయి లెక్కనే ఉంటది."

"రాయైతే నాకేం లాభం? రాత్రంత నిద్ర వోనియ్యవు," అంటూ అత్తమ్మ రాములమ్మ బయటికి వచ్చింది. అంటూనే బెల్లం డబ్బా కోసం లోపలికి తిరిగింది. సాయంత్రానికి బెల్లమన్నం వాడకట్టంతా తిరిగింది.

పక్కింటి లచ్చమ్మ వేళ్ళు నాక్కుంటూ, "గింత గట్టిగైనవంటే ఇంకో పెండ్లి చేస్కుంటవేమో పెంటయ్యా," అంది.

"చేస్కుంట. నీ అసొంటిది కాకుండ సూడు." మామ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకుని, "రేపటి సంది మళ్ళ క్రషర్‌కు పోత. మేస్త్రీకి చెప్పి పంపిన," అన్నాడు.

పొద్దు గుంకే వేళకు మధు మల్లెపూలతో వచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఎవరివో సామాన్లు మోసి మోసి వచ్చినా, పూల పొట్లం మాత్రం నలగకుండా జేబులో దాచి తెస్తాడు. నాకదే మురిపెం.

"ఫొటో గూడ చూపెట్టిండు సంతోషీ. ఊపిరితిత్తులు తేనెపట్టు లెక్క ఉన్నయి. డాక్టర్ గదే మాట అన్నడు."

"తేనె మంచిదే గద," అంది అత్తమ్మ.

పూలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఆ తేనెపట్టును నేను క్లాసులో తెర మీద చూశాను. కణానికీ కణానికీ మధ్య ఒక అల్లిక ఉంటుంది. కణాలను పట్టి ఉంచేది అదే. ఊపిరి తీస్తే సాగేది, వదిలితే వెనక్కి వచ్చేది కూడా అదే. దుమ్ము లోపలికి పోయి పుండు చేస్తే, మాన్పడానికి ఒళ్ళు అల్లిక మీద అల్లిక వేస్తుంది. ఒక్కోసారి ఎక్కడ ఆపాలో మరిచిపోతుంది. అప్పుడు ఊపిరితిత్తి సాగదు.

మధును ఇంటి వెనక్కి పిలిచాను. "డాక్టర్ ఇంకేమన్నడు?"

"పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నడు. మంచిగున్నోనికి పెద్ద దవాఖాన ఎందుకని నాకూ..." నా ముఖం చూసి ఆగిపోయాడు. గట్టిపడడమంటే ఏమిటో నా నోట విని, బాపు ఉన్న వాకిటి వైపు చూశాడు. "నువ్వే చెప్పు. నాతోని కాదు."

మామ రేపటి కోసం సద్ది గిన్నె కడుగుతున్నాడు. వెళ్ళి సగం అల్లిన మంచం పక్కన కూర్చున్నాను.

"మామా, నులక మరీ బిగిస్తే ఏమైతది?"

"పండనీకె రాదు. మనిషి పంటే జర దిగాలె, లేస్తే మళ్ళ మీదికి రావాలె. గదే మంచం."

"ఊపిరితిత్తుల్ల గూడ గసొంటి నులకే ఉంటది. నీది బాగ బిగిసింది మామా. గట్టిపడ్డదంటే మంచి మాట కాదు. నేను ఉల్టా చెప్పిన."

ఆయన గిన్నె బోర్లించాడు. విమానం ఒకటి మా మీదుగా దిగుతూ వెళ్ళింది.

"నానవెడితే నులక మెత్తవడ్తది," అన్నాడు మెల్లగా. "మందు తాగితే గది నానదా?"

"నానదు మామా. ఇంక బిగవకుండ కాపాడుకోవాలె. దుమ్ములకు పోవద్దు."

"మీ అత్తకు ఎరుకనా?"

"లేదు."

"బెల్లమన్నం పంచింది," అన్నాడు. కాసేపు మంచం మీద అరచేయి ఆనించి నొక్కుతూ ఉండిపోయాడు. అల్లిక ఏమాత్రం దిగలేదు. గట్టిపడ్డానన్న సంబరంలో ఆ వరుసలను ఆయన బలం కొద్దీ లాగాడు.

తర్వాత ఇంట్లోకి వినబడేలా అన్నాడు, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ. "రాములమ్మా, సద్ది కట్టకు. రేపు క్రషర్‌కు పోను. పొద్దుగాల ఈ మంచం ఇప్పుతం. పిల్ల అల్లుతది, నేను కూసోని చెప్త. జర వదులుగ అల్లుదం. పగటాల మధు, నేను పెద్ద దవాఖానకు పోతం."