మాయమైన నలభై రెండు కొట్లు

మధ్యాహ్నం రెండుంపావుకు టైలరమ్మ మూతబడ్డ సినిమా హాలు తలుపు తోసి చూస్తే, ఊరి నడివీధిలో ఉండాల్సిన నలభై రెండు కొట్లలో ఒక్కటంటే ఒక్కటి లేదు!

కొట్లంటే అట్టకొట్లు. సగం షట్టర్లు తుప్పుపట్టి, జనం మొహం చాటేసిన నడివీధిని మళ్లీ బతికించుకోవాలని వీధివాళ్లంతా కలిసి ఒక ప్లాను వేసుకున్నారు. ఆ ప్లానుకు బొమ్మ ఇది. ఎవరి కొట్టు వాళ్లే చేసుకున్నారు. చెప్పులాయన చెప్పుల డబ్బాతో, కళ్లజోళ్లావిడ కళ్లజోడు పెట్టెతో, బేకరీ ఆయన కేకు అట్టతో. టైలరమ్మేమో పదహారు దుప్పట్లు కలిపి కుట్టి, సుద్దతో దారులు గీసి, హాలు నేల మీద పరిచింది. దుప్పట్లు ఉన్నాయి. సుద్దగీతలు ఉన్నాయి. కొట్లే లేవు. పైగా దొంగెవరో శుభ్రంగా ఊడ్చి మరీ పోయాడు.

మూడింటికి ప్లానింగ్ ఆఫీసరు వస్తాడు. ఆయన ముందే తెగేసి చెప్పాడు. ఒక్క తగాదా లేకుండా, అందరూ ఒప్పుకున్న ఒకే ప్లాను చూపిస్తే వీధి మీది. లేదంటే అంతా పడగొట్టి కార్ల పార్కింగ్. అంటే ఇరవై రెండేళ్లుగా టైలరమ్మ మిషను తొక్కుతున్న చోట ఎవరి కారో నిలబడుతుంది.

ఆమె పెట్టిన కేకకు సెలూన్ మరిది దువ్వెన పట్టుకుని ఊడిపడ్డాడు. వెనకాలే, సగం గడ్డం గీసిన బేరం.

"ఏమైంది వదినా?"

"కొట్లు పోయాయి!"

"ఎవరివి?"

"అందరివీ!"

"హమ్మయ్య! నాదొక్కటే పోయిందేమో అనుకున్నా."

పది నిమిషాల్లో వీధి వీధంతా హాల్లోకి దిగింది. దిగీ దిగగానే బేకరీ ఆయన కళ్లజోళ్లావిడ వైపు వేలు చూపించాడు. "బస్టాపు మూల నాకిచ్చారని ఈవిడకి కడుపుమంట. ఇది ఈవిడ పనే!"

"నీ కేకు అట్ట ఎత్తుకుపోయే ఖర్మ నాకేం పట్టలేదయ్యా. దాని నిండా చీమలు!"

"చీమలు కనపడ్డాయా? అయితే మీ కొట్లో ఆ ఒక్క కళ్లజోడైనా పనిచేస్తోందన్నమాట!"

మూడు నెలలు కొట్టుకుని, నిన్ననే తేల్చుకున్న మూల అది. తగాదా మళ్లీ మొదటికొచ్చింది. గడియారం చూస్తే రెండూ నలభై. టైలరమ్మకు ఏడుపు రావాల్సింది పోయి, ఎందుకో నవ్వు పొంగుకొచ్చింది. కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది.

"దొంగ సంగతి తర్వాత. ఎవరి కొట్టు ఎక్కడుందో గుర్తుందిగా? వెళ్లి అక్కడ నిలబడండి. ఇవాళ మీరే కొట్లు!"

"నేనా కొట్టుని?" బేకరీ ఆయన పొట్ట నిమురుకున్నాడు.

"నువ్వు రెండంతస్తులు బాబాయ్," అన్నాడు మరిది.

తోసుకుంటూ, తిట్టుకుంటూ, పడీపడీ నవ్వుకుంటూ జనం దుప్పట్ల మీద వీధిలా నిలబడ్డారు. బేకరీ ఆయన బస్టాపు మూలలో నిలబడి వెనక్కి తిరిగి కళ్లజోళ్లావిడను చూసి నాలిక కరుచుకున్నాడు.

"అరె! నేనిక్కడుంటే బస్సు దిగినవాళ్లకి మీరసలు కనబడరు కదమ్మా! అట్టలతో చేసినప్పుడు ఇది తట్టలేదు." అని రెండడుగులు పక్కకు జరిగాడు.

కళ్లజోళ్లావిడ మెత్తబడింది. "ఇంకా ఇటు రావయ్యా. నీ బోర్డు చదవలేనివాళ్లంతా నా దగ్గరికే వస్తారు."

మూడు కొట్టగానే ఆఫీసరు ఫైలుతో దిగాడు. "బొమ్మ ఏదీ?"

"లోపల నడిచి చూడండి సార్. దుప్పట్లు మాసిపోతాయి, బూట్లు విప్పండి," అంది టైలరమ్మ. విప్పాడో లేదో చెప్పులాయన లాగేసుకున్నాడు. "మడమ అరిగిపోయింది సార్, వెళ్లేలోగా ఇచ్చేస్తా!"

మేజోళ్లతో ఆఫీసరు వీధిలో పడ్డాడు. కళ్లజోళ్లావిడ కొత్త జోడు పెట్టి చూపించింది. బేకరీ ఆయన చేతిలో బన్ను పెట్టాడు. సెలూన్ మరిది మెడ చుట్టూ గుడ్డ కట్టబోతే తప్పించుకుని పక్క సందులోకి పారిపోయాడు. అక్కడ సగం గడ్డం బేరం ఎదురై, "నేను జనాన్ని సార్, నన్ను చూసుకుంటూ నడవండి," అన్నాడు. అరగంట తిరిగాక ఆఫీసరు నోట్లో బన్నుతో ఆగాడు.

"ఇంతకీ బయటికి దారెటు?"

"వచ్చినవాళ్లు తొందరగా పోకూడదనేగా సార్ మన ప్లాను!" అంది టైలరమ్మ.

ఆఫీసరు ఉక్కిరిబిక్కిరై నవ్వాడు. "తగాదాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. వీధి మొత్తం ఒక్క గొంతుతో "లేవు!" అంది. ఫైలు ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు. టైలరమ్మ చేతిలోని సుద్ద తీసుకుని దుప్పటి మీదే 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం గిలికేశాడు. ఎక్కడ చెరిగిపోతుందోనని ఆమె అప్పటికప్పుడు ఎర్రదారం ఎక్కించి సంతకం మీద టకటకా కుట్టేసింది.

కేరింతలు ఇంకా ఆగలేదు. అప్పుడొచ్చాడు, పార్శిల్ కొట్టు నడిపే టైలరమ్మ సొంత బాబాయి. నడుముకు పురికొస ఉండ వేలాడుతోంది. వీధంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వడం చూసి, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"నేనేనర్రా తీసింది. అలా చూడకండి. పొద్దున నా కొట్టు ముందు నుంచి పరిగెడుతూ ఇదిగో ఈ మా అమ్మాయే అరిచింది, 'బాబాయ్, మూడింటికల్లా కొట్లన్నీ కట్టేయాలి' అని. షట్టరు దించి మీటింగుకి రమ్మంటోందని మీకర్థమవుతుంది. ముప్ఫై ఏళ్లుగా మూటలు కట్టేవాడికి కట్టేయమంటే ఏమర్థమవుతుందర్రా? కట్టేశాను. ఒక్కో కొట్టుకీ గడ్డి చుట్టి, అడ్డం రెండు, నిలువు రెండు. పదిహేనో కొట్టు దగ్గర కాస్త అనుమానమొచ్చింది, అబద్ధమెందుకు. కానీ వేసిన ముడి విప్పడం మా ఇంటా వంటా లేదు. కింద గడ్డి రాలితే ఊడ్చేశాను కూడా. పైన 'నడివీధి, జాగ్రత్త, బోర్లించరాదు' అని రాసి, ఎలాగూ ఆయన చూడాల్సినవేగా అని ఆఫీసరు గారి ఆఫీసుకే లారీ ఎక్కించేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ తల్లీ, ఆ మూటకి మాత్రం ఎవడూ వంక పెట్టలేడు."