ఒక్క పూట తుపాకీ

ఐపిలీ చలిగదిలో పీట మీద కూర్చుని కొత్త తుపాకీకి నూనె వదిలిస్తున్నాడు. పొయ్యిలో పోసే పెట్రోలులో గుడ్డ ముంచి, బోల్టు గాడిలోకీ మేగజీను అంచుల్లోకీ చిటికెన వేలితో నెట్టి నెట్టి తుడుస్తున్నాడు. పలచగా నూనె రాసి ఉంచాలని తుపాకీతో వచ్చిన కాగితంలో ఉంది. రాసిన మహానుభావుడెవరో ఈ ఊళ్లో ఒక్క చలికాలం గడిపి ఉంటే ఆ ముక్క రాసేవాడు కాదు. సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి దిగే చలిలో నూనె బంకవుతుంది. బంకలో ఇరుక్కున్న సూది తూటాను తట్టదు. చలిగదిని ఎవరూ వేడి చేయరు. తుపాకులు, తోళ్లు, మాంసం అక్కడ ఉంటాయి, మనుషులు లోపల ఉంటారు.

అతనికి యాభై తొమ్మిదేళ్లు. సముద్రం గడ్డకట్టే రోజుల్లో ఊరి మీదకొచ్చే తెల్ల ఎలుగులను తరిమే ఎనిమిది మంది కావలివాళ్లలో ఒకడు. పద్నాలుగేళ్లలో అతని కాపలాలో ఎవరికీ గీత పడలేదు. అందుకే ఎవరూ అతణ్ణి తలచుకోనూ లేదు. పొద్దున్నే ఊరి ఆఫీసువాళ్లు అతని పాత తుపాకీ తీసుకుని ఈ పొట్టి స్కౌట్ రైఫిల్ చేతిలో పెట్టారు. ఒక్క పూట మోసి చూసి, మూడింటికొచ్చి చెప్పాలి. బాగుందంటే పాతవన్నీ రంపం కిందకు పోతాయి. బాలేదంటే కొత్తవి పెట్టెల్లో వెనక్కి పోతాయి. ఆ పాత తుపాకీని అతనికంటే ముందు అతని తండ్రి ముప్పై ఏళ్లు మోశాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఐపిలీకి రెండూ లేవు, న్యాయంగా చూద్దామనే కూర్చున్నాడు. కొత్తది జానెడు పొట్టి. మంచుబండి ఎక్కేటప్పుడు దేనికీ తగలదు. పాతదానికంటే కిలో బరువు తక్కువ, భుజం దణ్ణం పెడుతుంది. దుర్భిణి కంటి దగ్గర కాకుండా గొట్టం మీద ముందుకు జరిపి బిగించారు, ఊపిరి ఆవిరి దాన్ని కప్పదు. రెండు కళ్లూ తెరిచి గురి చూడొచ్చు. అద్దం పగిలినా ఇనప గురి ఉండనే ఉంది. మరి లోటో? కర్ర లేదు, ప్లాస్టిక్. పేలిస్తే భుజాన్ని గట్టిగా తన్నుతుంది. బోల్టు విప్పే పనిముట్టు ఆఫీసులోనే పెట్టుకున్నారు. అన్నిటికీ మించి, దీనికీ తనకూ ఇంకా పరిచయం లేదు.

"నాన్నా!" లోపలి నుంచి కేక వినిపించింది.

"ఏంటమ్మాయీ?"

పిలిచింది నపాచీ, అతని తల్లి. ఐపిలీ అన్నది ఆమె తండ్రి పేరు. ఇక్కడ పేరు పెడితే వరస కూడా వస్తుంది. ఎనభై నాలుగేళ్ల ముసలిది కొడుకుని నాన్నా అంటుంది, అతను తల్లిని అమ్మాయీ అంటాడు. అది ముద్దుమాట కాదు. ఆమె అలిగితే అతనే బుజ్జగించాలి, అడిగితే అతనే ఇవ్వాలి.

"కొత్త తుపాకీ వచ్చిందటగా. నాకు చూపించవా?"

"అది లోపలికి తేకూడదమ్మాయీ. నీకు తెలీదా ఏంటి?"

"కళ్లు పోయాయి గానీ చేతులు పోలేదుగా. ఒక్కసారి చూసిచ్చేస్తాను నాన్నా."

"తేకు! చెమట పడుతుంది," అంది పొయ్యి దగ్గర్నుంచి భార్య ఊలీపా.

వేడి ఇంట్లోకి తెచ్చిన ఇనుముకు చెమట పడుతుంది, బయటికెళ్లగానే ఆ చెమట లోపలే గడ్డకడుతుంది. ఈ ఊళ్లో అయిదేళ్ల పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అయినా కూతురు అడిగింది. ఐపిలీ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

నపాచీ మొదలు నుంచి చివరిదాకా బొటనవేలితో తడిమింది. "ఇదేంటి, తుపాకీయా గరిటా? దీని కన్నేంటి ముక్కు చివరికి పోయింది?"

"రెండు కళ్లూ తెరిచి కాల్చొచ్చట."

"నీకెందుకు నాన్నా రెండు? నా చిన్నప్పుడు ఒక కన్ను మూసుకునే కొట్టేవాడివిగా." ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక తుపాకీని చంటిపిల్లలా హత్తుకుని అలాగే నిద్రపోయింది.

నాలుగు రాత్రులుగా ఆమె కంటికి కునుకు లేదు. ఐపిలీ రెండుసార్లు చెయ్యి చాచి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. గొట్టం మీద ఆవిరి పట్టింది, ఆవిరి చుక్కలైంది. ఊలీపా చూసింది గానీ ఇప్పుడు ఆమె కూడా లేపమనలేదు. గంట తర్వాత ముసలిది పక్కకు ఒత్తిగిలినప్పుడు మెల్లగా తీసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పొడిగుడ్డతో అంతా తుడిచాడు. బోల్టు మూడుసార్లు ఆడించాడు, బాగానే ఆడింది. కాపలా వేళయింది. పూర్తిగా ఆరాలంటే సగం రోజు కావాలి, చేతిలో మరో తుపాకీ లేదు. ఏం కాదులే అనుకున్నాడు.

చెత్తగుట్ట దగ్గర బావమరిది కొవేయుక్ ఎదురుచూస్తున్నాడు. అతని పాత తుపాకీ కూడా ఆఫీసుకు చేరింది, చేతిలో టపాకాయలు పేల్చే గొట్టం మాత్రం ఉంది. తొమ్మిదేళ్ల కుక్క నౌజా కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఏంటి బావా, పిల్లనే ఇచ్చారా? తల్లిని ఎప్పుడు పంపిస్తారట?"

"నోర్ముయ్ రా. నీకంటే మేలు, తక్కువ తింటుంది."

ఇద్దరూ నవ్వుకుంటుండగానే నౌజా లేచి నిలబడింది. పాడైన లారీ వెనక నుంచి ఎలుగు వచ్చింది. ఎముకలు కనబడుతున్న ఎలుగు. కొవేయుక్ టపాకాయ పేల్చాడు. అది తలైనా తిప్పలేదు. ఇంకోటి పేల్చాడు. ఆకలిగొన్నదానికి చప్పుడంటే లెక్కేముంది? ముప్పై అడుగుల్లోకి వచ్చేసింది. ఐపిలీ తుపాకీ ఎత్తాడు. గురి చక్కగా కుదిరింది. ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

బోల్టు లాగి మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్. మూడోసారి నొక్కేసరికి ఎలుగు కొవేయుక్ మీదకు దూకుతోంది, నౌజా అడ్డంగా వెళ్లి దాని మూతికి తగులుకుంది. ఐపిలీ నిలబడి చూశాడు. అంతకంటే చేయగలిగిందేమీ లేకపోయింది. కొవేయుక్ మంచుబండి ఎక్కి, గర్జింపజేస్తూ ఎలుగు మీదికే నడిపాడు. ఎలుగు వెనక్కి తగ్గి, సముద్రం వైపు వెళ్లిపోయింది. పంజా దెబ్బకు నెత్తుట్లో పడిన కుక్క ఇంకా తోక కదిలిస్తోంది. కొవేయుక్ దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు, కాసేపటికి తోక ఆగింది.

"దిక్కుమాలిన తుపాకీ!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "చెప్పెయ్ బావా ఆఫీసులో. ఇది పనికిరాదని చెప్పెయ్. మనవి మనకిచ్చేస్తారు."

ఐపిలీ తుపాకీ భుజాన వేసుకుని ఆఫీసు వైపు నడిచాడు.

ఆఫీసులో కోల్బీ, దక్షిణాది నుంచి వచ్చిన కుర్ర అధికారి, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "ఎలా ఉందండీ?"

పనికిరాదు. ఆ ఒక్క ముక్క చాలు. తండ్రి తుపాకీ అదిగో, గోడవార మిగతా ఏడింటితో నిలబడి ఉంది. సాక్షిగా కొవేయుక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతులకు ఇంకా కుక్క నెత్తురు. ఎవరూ అనుమానించరు. ఐపిలీ గోడ వైపు చాలాసేపు చూశాడు. తప్పు చేయనిదాని మీద తప్పు మోపడం అతనికి చేతకాలేదు. బతుకులో చేతకానివి చాలా ఉన్నాయి, అదొకటి.

"మంచి తుపాకీ," అన్నాడు. "తేలిక. గురి బాగా కుదురుతుంది. నేనే దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లాను. గంటసేపు."

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు. కొవేయుక్ వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కోల్బీ కలం ఆపాడు. "ఇంట్లోకి తీసుకెళ్లినవాళ్లకి మళ్లీ తుపాకీ ఇవ్వకూడదండీ. రూలు. నా చేతుల్లో లేదు."

"తెలుసు బాబూ. ఆ రూలు పెట్టించింది మేమే."

కొత్తదాన్ని బల్ల మీద పెట్టాడు. పాతదాన్ని ముట్టుకోవచ్చా అని అడగబోయి మానేశాడు.

ఇంటికొచ్చేసరికి ఊలీపా మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ముసలిదాని ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

"ఒంటిగంటకి," అంది ఊలీపా. "దగ్గు కూడా రాలేదు. నువ్వెళ్లగానే లేచి కూర్చుంది. సీల్ తోలు తెమ్మంది, సూదిలో దారం ఎక్కించమంది. కొత్త తుపాకీకి ట్రిగ్గర్ సందు ఇరుకట, నాన్న చేతితొడుగు అందులో పట్టదట. వేలు పెట్టి కొలుచుకుందట."

"అమ్మాయీ," అన్నాడు ఐపిలీ. ఇంకోసారి అన్నాడు. తనను నాన్నా అనే మనిషి ఇక ఈ లోకంలో లేదు. గోడకు చేరబడి, ముసలివాడైపోయి, ఏడ్చాడు.

దుప్పటి మీద ఒంటి చేతితొడుగు పడి ఉంది. చూపుడువేలికి విడిగా కుట్టిన సన్నటి గొట్టం పూర్తయింది. బొటనవేలి దగ్గర సగంలో ఆగిన సూదికి మూరెడు దారం ఇంకా వేలాడుతోంది.