సెలవు మీద వస్తున్న నాన్న

"అన్నం తినే బల్ల మీద ఈ జిగురేమిటి?" అన్నాడు పొద్దున్నే టీచరమ్మ భర్త. ఆవిడ రంగు కాగితాల ముక్కలు గబగబా ఒళ్లోకి ఊడ్చుకుంది. "సైనికుల పిల్లల్ని ఓదార్చడం కూడా నీ ఉద్యోగమేనా? జీతమేమైనా పెంచారా?" అంటే నవ్వి ఊరుకుంది. నవ్వకపోతే అదొక పెద్ద రామాయణం మరి!

ఆ బడిలో సగంమంది పిల్లల తండ్రులు సరిహద్దులో ఉంటారు. ఎవరి నాన్న సెలవు మీద వస్తుంటే ఆ బిడ్డ చేత స్వాగతం అట్ట చేయించి, క్లాసంతా చప్పట్లు కొట్టించడం ఆవిడ పెట్టిన అలవాటు. ఇవాళ రెండో తరగతి పాప వంతు. పాపేమో అట్టను బోర్లించి, దాని మీద తల వాల్చి కూర్చుంది.

"నాన్న మీద బెంగా, బంగారం?"

"ఊహూ. అమ్మ మీద."

"అమ్మ ఇంట్లోనే ఉందిగా!"

"ఇప్పుడుంది టీచర్. స్కూటర్ నడుపుతుంది, ఫ్యూజు వేస్తుంది, గట్టిగా పాడుతుంది. నాన్నొస్తే అవేం చెయ్యదు. ఏమడిగినా 'మీ నాన్ననడుగు' అంటుంది."

"నాన్న కోప్పడతారా?"

"లేదు. నాన్న మంచోడు."

తండ్రి కోసం ఏడ్చే పిల్లల్ని ఊరడించడం టీచరమ్మకు కొట్టినపిండి. మంచి తండ్రి వస్తుంటే, ఇంట్లో ఉన్న తల్లి కోసం బెంగపెట్టుకునే పిల్లకేం చెప్పాలి? ఆ మంచాయన్ని తప్పుపట్టడానికి నోరు రాదు. పోనీ తప్పు తల్లిదా? మరి నిన్న హెడ్మాస్టరుగారు పిల్లల విహారయాత్రకు తోడు రమ్మంటే "ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్నదెవరు? తనే కదా! 'నిన్నెప్పుడైనా కాదన్నానా?' అంటాడు తన భర్త. అనలేదు, నిజమే. కాదనిపించుకునేవి ఆమె అసలు అడిగితే కదా! ఎంత ఆలోచించినా చిక్కు బిగుసుకుందే తప్ప వీడలేదు. ఏడుపొచ్చింది, దేనికో తెలియలేదు.

సాయంత్రం పాప తల్లి గేటు దగ్గర స్కూటర్ ఆపింది. చెబితే, నమ్మి చెప్పుకున్న పిల్లకు ద్రోహం చేసినట్టవుతుంది. చెప్పకపోతే ఎలా? టీచరమ్మ నోటికొచ్చిందేదో అనేసింది.

"ఇకనుంచి పాపను రోజూ మీరే తీసుకెళ్లాలండీ. ఈ స్కూటర్ మీదే. వాళ్ల నాన్న వచ్చాక కూడా మీరే నడపాలి. ఇది రూలు."

తల్లి పకపకా నవ్వింది. "ఇదెక్కడి రూలు టీచర్! మీ ఇంట్లో కూడా నడుస్తుందా ఏంటి?"

"ఇప్పుడే పెట్టానండీ," అంది టీచరమ్మ. "మా ఇంట్లో ఇంకా చెప్పలేదు."