గోడ మీద మీ తాత

కోమలీ, ఆ సెల్లు పక్కన పెట్టి ఇట్లా దగ్గరికి జరుగు. దువ్వెన తెచ్చుకో, జడ వేస్తూ చెప్తాను. జడ అయ్యేలోగా కథ అయిపోతుంది. అవకపోతే విప్పి మళ్లీ వేస్తాను, నాకేమీ తొందర లేదు.

మన ఐరాల హైస్కూలు గ్రౌండు పక్కన బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బు గది చూశావు కదా. లోపల ఒక గోడ నిండా పాత ఆటగాళ్ల ఫొటోలు. ప్రతి ఫొటోకీ నుదుట బొట్టు, గంధపు చెక్క దండ, కింద ఎర్ర బల్బు. ఆ గోడ ఎక్కడమంటే ఊళ్లో అంతకు మించిన గౌరవం లేదు. కానీ ఎక్కినవాళ్లలో ఒక్కరు కూడా దాన్ని కళ్లారా చూసుకోలేదు. అందరూ పోయాకే ఎక్కారు. అలా ఉండాలని ఎవరూ నియమం పెట్టలేదు. బతికున్నవాణ్ణి గొప్పవాడని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు, అంతే.

మీ తాత వెంకటముని మీసం మొలవకముందు నుంచీ ఆ పసుప్పచ్చ ఉన్ని బంతి వెంట పరుగెత్తాడు. మీసం నెరిసినా పరుగు మానలేదు. పాలు పితకమంటే మోకాళ్లు నొప్పులంటాడు. గ్రౌండులోకి దిగాడంటే ఆ మోకాళ్లు ఎవరో కుర్రవాడి దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు ఉంటాయి. ఆయనకు ఒకటే ఆశ.

"పోయినాక పెడితే నాకేం తెలుస్తాది మే?" అనేవాడు నాతో. "కండ్లుండంగానే ఒకసారి ఆ గోడ మీద నన్ను నేను సూసుకోవాల."

గ్రౌండులో పిల్లలకు ఆట నేర్పే ధర్మేంద్ర ఈ మాట క్లబ్బు మీటింగులో ఎత్తాడు. ఎరువుల అంగడి సుందరరాజు క్లబ్బుకు పెద్ద. మీ తాతతో కలిసి ఆడినవాడే. ఆయన ఒప్పుకోలేదు.

"ఇన్నేండ్లు ఆడినాడు, సరే. ఒక్క ఫస్టు ప్రైజు యాడుండాదప్పా?" అన్నాడట.

"ప్రైజులు లెక్కపెట్టేదా అన్నా ఆటంటే? ఆయనకాడ బ్యాటు పట్టేది నేర్చుకోనోడు ఈ మండలంలో ఉండాడా? కొట్టేది తక్కువే, కానీ ఆయన మీదికొచ్చిన బంతి యాడన్నా కింద పడిందా?"

"పడిందబ్బా! బంగారుపాళ్యం ఫైనల్లో పడింది!"

తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, చూడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల టీముతో ఆ ఫైనల్. మీ నాన్న అప్పటికింకా ఉయ్యాలలో ఉన్నాడు. చివరి పాయింటు. వెనక వరుసలో మీ తాత, సుందరరాజు పక్కపక్కన నిలబడ్డారు. బంతి ఇద్దరి మధ్యకు వచ్చింది. ఎవరు కొట్టాలనుకుంటే వాళ్లు "నాది!" అని అరవాలి. ఇద్దరిలో ఒక్కరూ అరవలేదు. ఆ బంతి కోడిపిల్లలాగా మెత్తగా నేల మీద వాలింది. కప్పు బంగారుపాళ్యంలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి అది వెంకటముని బంతే అని సుందరరాజు, కాదు సుందరరాజుదే అని మీ తాత. ఒకే గ్లాసులో టీ పంచుకుంటారు, ఒకరింటి పెళ్లిలో ఒకరు వడ్డిస్తారు. ఆ బంతి మాట వచ్చిందా, ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు. ఊరు మాత్రం క్లబ్బు పెద్ద మాటే నమ్మింది.

ఆదివారం మళ్లీ కూర్చుని తేల్చుకుందామని లేచారు. ధర్మేంద్రకు ఆగే ఓపిక యాడిది? మీ తాత ఫొటో తీసుకెళ్లి ఫ్రేములు కట్టే మునస్వామికిచ్చి, "క్లబ్బు గోడకు, అన్నా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. ఆ గోడకు ఫ్రేములన్నీ కట్టింది మునస్వామే. అలవాటు చొప్పున బొట్టు పెట్టి, దండ వేసి, బల్బు వెలిగించి, పని బాగా కుదిరిందని ఫోనులో స్టేటస్ పెట్టుకున్నాడు.

అది శనివారం పొద్దున. మీ తాతకు తలంటు. ఒళ్లంతా నూనె పట్టించి, పెరట్లో తడిక చాటున గోచీతో కూర్చోబెట్టాను. నేను తల విరబోసుకుని నీళ్ల పొయ్యి ఊదుతున్నాను. పచ్చి కట్టెలు, ఒకటే పొగ, కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి. అప్పుడు వాకిట్లో ఎవరో గొల్లుమన్నారు. బయటికి పరుగెత్తాను. పక్కింటి జ్ఞానాంబ వచ్చి నన్ను కరుచుకుంది.

"గంగులక్కా! ఎంత పని జరిగిపాయె! నిన్న సాయంత్రం గూడా నాకాడ మజ్జిగ తాగిపాయనే!"

"ఎవురే? ఎవురికేమైంది?" అన్నాను.

"అయ్యో, మతి సెదిరిపోయిందే నీకు," అని ఇంకా గట్టిగా ఏడ్చింది. విరబోసిన తల, ఎర్రబడ్డ కళ్లు. నన్ను చూస్తే ఎవరికీ అనుమానం రాదు కదా.

చూస్తుండగానే వాకిలి నిండింది. నేను నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు కొంగుతో మూసేస్తారు. ఇంతలో సుందరరాజు వచ్చాడు. చేతిలో మూరెడు లావు చామంతి దండ. అరుగు మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"వదినా, నేను పాపిని. నిన్నగాక మొన్న మీటింగులో నేనే అడ్డం పడితిని. ఆ గోడ మీద అందరికన్నా ముందుండాల్సినోడు వాడే!"

అప్పుడు తెలిసింది నాకు, ఊరంతా ఎవరికోసం ఏడుస్తోందో. నిజం చెప్పేద్దామని తడిక వైపు తిరిగాను. తడిక పైన మీ తాత తల కనిపించింది, చెవుల మీదుగా నూనె కారుతోంది. నోటి మీద వేలు పెట్టుకుని, ఇంకో చేత్తో "కానీ, కానీ" అని సైగ.

నేను తక్కువ దాన్నా? కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను.

"అట్లయితే ఆ ఫైనల్లో బంతి ఎవురిదప్పా? అందరూ వినేటట్టు సెప్పు."

"నాదే వదినా! నా బంతే! వాడు కొడతాడులే అని వదిలేస్తిని. ఇన్నేండ్లూ వాడిమీద తోస్తిని!"

తడిక ధడాలున పడింది. ఒళ్లంతా నిగనిగలాడుతూ, గోచీతో, రెండు చేతులు పైకెత్తి మీ తాత వచ్చాడు.

"విన్నారా అబ్బా! అందరూ విన్నారా!"

జ్ఞానాంబ ఆమడ దూరం పరుగెత్తింది. సుందరరాజు చేతిలో దండ జారిపోయింది. దాన్ని మన ఎర్రావు అక్కడే నమిలేసింది. సుందరరాజు మీ తాతను తల నుంచి కాళ్ల దాకా చూసి, ఒకసారి గిల్లి చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"బతికే ఉండావా? అయితే సగం నాది, సగం నీది."

"ఇదేం న్యాయమప్పా? పోయినోడికి ఒక మాట, ఉండేవోడికి ఒక మాటా?" అని నేను లేచాను.

మీ తాత నన్ను ఆపాడు. "ఊరుకో మే. ఇన్నేండ్లూ ఆ బంతి మొత్తం నేనే మోసినా. సగం దింపినాడు, సాలు."

ఆ మాటకు సుందరరాజు మళ్లీ ఏడ్చాడు, కోమలీ. ఈసారి శబ్దం లేదు. మీ తాతను కావలించుకుని, ఒంటి నూనెంతా తన చొక్కాకు అంటుతున్నా వదల్లేదు.

మర్నాడు క్లబ్బులో స్టూలెక్కి మేకు కొట్టింది సుందరరాజే. నా షరతు ఒక్కటే. బొట్టు తుడవాలి, దండ తియ్యాలి.

"దండ లేకుంటే ఫ్రేము బోసిగా ఉంటాదమ్మా," అని మునస్వామి నసిగాడు.

"నా మెడలో తాళి ఉండాది. అది సాల్లే," అన్నాను.

బల్బు మాత్రం ఉండనిమ్మని మీ తాత బతిమాలాడు, చీకటి పడినా కనిపించాలట. ఎర్రది తీయించి పచ్చది పెట్టించాను. ఇప్పుడు రోజూ ఆట అయ్యాక దాని ముందు నిలబడి, "మీసం సరిగా పడలేదే" అంటాడు. పక్కన సుందరరాజు, "ఉండేదే అంత," అంటాడు.

ఇదిగో, జడ కూడా అయిపోయింది. ఇది గుర్తు పెట్టుకో తల్లీ, నీ స్నేహితులకు చెప్పు, రేపు నీ పిల్లలకూ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం, మా తాత బతికే ఉన్నాడు అని మొదటే చెప్పు. లేకపోతే ఎవరో ఒకరు దండ పట్టుకుని వచ్చేస్తారు. ఇక ఆ బంతి ఎవరిదని అడిగితే, సగం సగం అని చెప్పు. మీ తాత ఒప్పుకున్నాడు కాబట్టి.