కప్పు నిండా ఎండు మల్బరీలు

కంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ కారణం ఒకటే. ఆ ఉదయం మామగారి రక్తంలో చక్కెర రెండు వందల అరవై దాటి ఉంది. రెండు వందల లోపుకు దిగితేనే ఆపరేషన్ అని డాక్టర్ చెప్పాడు. మాత్రలు మార్చి చూశాడు, దిగలేదు. మూడోసారి కూడా తప్పితే వరస చివరికి పోతారని, మళ్లీ పిలుపు రావడానికి ఎనిమిది నెలలు పడుతుందని నర్సు చెప్పింది.

మామగారు గడియారాలు బాగుచేస్తారు. కుడి కంట్లో పొర ముదిరాక ఒక చేతి గడియారానికి గంటల ముల్లు చోట నిమిషాల ముల్లు బిగించి ఇచ్చారు. దాని యజమాని గొడవపడలేదు. నవ్వి, పక్క వీధి దుకాణానికి వెళ్లాడు. మర్నాటి నుంచి మామగారు దుకాణం తెరవలేదు.

అత్తగారు ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయింది. వీధిలో ఆవిడను చెకింగమ్మ అంటారు, ఆవిడ లేనప్పుడు. ఇంట్లో టీలో చక్కెర మానేసి ఏడాదయింది, భోజనం తూచినట్టు పెడుతోంది, అయినా చక్కెర దిగడం లేదు. కాబట్టి ఎవరో చాటుగా పెడుతున్నారని ఆవిడ తేల్చింది.

మొదట టీ కొట్టువాడి మీద పడింది. మామగారు బయటికి వెళ్లి రాగానే జేబులు తిరగేసేది, మీసం దగ్గర వాసన చూసేది. టీ కొట్టువాడు పిల్లల మీద ఒట్టేశాడు.

“బస్సులో కూడా ఒట్టేసినవాణ్ణే ముందు దించేదాన్ని” అంది ఆవిడ.

తరవాత అనుమానం కోడలి మీదికి మళ్లింది. కోడలు ఎండు పళ్ల పొట్లాలు కట్టే షెడ్డులో పనిచేస్తుంది. ఖర్జూరాలు, కిస్‌మిస్‌లు రోజంతా ఆమె చేతుల మీదుగా పోతాయి. ఆరు దాటాక ఇల్లు చేరగానే అత్తగారు సంచీ చూపించమనేది. కోడలు తీసి ఇచ్చేది. లారీ మీద తిరిగే కొడుకు ఇద్దరి మాటా ఫోనులో విని, తనను మధ్యలోకి లాగొద్దన్నాడు.

కోడలి అనుమానం మామగారి మీద. ఒక ఆదివారం ఆయన మంచం కింద ఊడుస్తూ, మిఠాయి కాగితాలేమైనా దొరుకుతాయేమోనని పరుపు కూడా ఎత్తి చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఒక్క కాగితమూ లేకపోవడమే ఆమెకు ఇంకా అనుమానం కలిగించింది.

ఆపరేషన్‌కు మూడోసారి ఇచ్చిన తేదీ పన్నెండు రోజులు ఉందనగా షెడ్డులో పొట్లాలకు సీలు వేసే మిషన్ చెడిపోయి, అందరినీ మధ్యాహ్నమే పంపేశారు. కోడలు వచ్చేసరికి నాలుగయింది. మామగారు మంచం మీద కప్పు పట్టుకుని కూర్చున్నారు. అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది. కప్పులో అంచుదాకా ఎండు మల్బరీలు.

వాటిని తెచ్చింది కోడలే. నాలుగింటికి ఆకలేస్తే బిస్కెట్లు మాని, ఒక కప్పు మల్బరీ పళ్లు పెట్టమని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. పచ్చి పళ్ల కాలం అయిపోయాక కోడలు షెడ్డు నుంచి ఎండినవి తేవడం మొదలుపెట్టింది. ఇనుము ఉంటుంది, పీచు ఉంటుంది, చక్కెర కలపరు. అవన్నీ నిజమే. షెడ్డులో ఆడవాళ్లు కూడా టీ వేళ నాలుగు నోట్లో వేసుకుంటారు.

“రోజూ ఇంతేనా అత్తయ్యా?”

“ఇంతే. కత్తితో అంచు చదును చేసి మరీ ఇస్తా. నర్సు చెప్పిన కప్పు ఇదే.”

పచ్చివి దాదాపు ఐదు బుట్టలు ఎండితే ఒక బుట్ట అవుతుందని, నీరు పోతుంది గానీ తీపి ఎక్కడికీ పోదని కోడలు చెప్పింది. అత్తగారు నమ్మలేదు. నింద తన మీదికి నెడుతున్నావా అని అడిగింది. కోడలు కప్పును పళ్లెంలో బోర్లించి లెక్కపెట్టింది. నూట తొంభై ఆరు. పచ్చివి ఎన్ని పట్టేవని అడిగింది. అత్తగారు అప్పట్లోనూ లెక్కపెట్టేది. నలభై రెండుకు మించి ఎప్పుడూ పట్టలేదు.

అంటే మూడు నెలలుగా ఆయన రోజూ నాలుగున్నర కప్పుల పళ్లు తింటున్నారు.

అత్తగారు భర్త వైపు తిరిగింది. “ఎక్కువైతే వదిలేయొచ్చుగా?”

“వదిలితే బయట ఏం మేసొచ్చావంటావు” అన్నారాయన. “అందుకే ఒక్కటి కూడా మిగల్చలేదు. రెండో రోజుకే మొహం మొత్తింది నాకు.”

అత్తగారు పళ్లెం దగ్గరికి లాక్కుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నూట తొంభై ఆరే వచ్చింది.

మర్నాటి నుంచి రెండు చెంచాలే. అదీ ఆయన అడిగితేనే. పన్నెండో రోజు ఉదయం ఆసుపత్రిలో నూట డెబ్బై ఒకటి వచ్చింది. ఆ మిషన్‌ను ఎప్పుడు సరిచూశారని అత్తగారు నర్సును అడిగింది. నర్సు ఇంకో వేలు గుచ్చి చూపించింది. నూట అరవై తొమ్మిది. ఆయన్ను లోపలికి తీసుకెళ్లారు.

అత్తాకోడళ్లు బయట బెంచీ మీద కూర్చున్నారు.

“ఎంత తినాలో పొట్లం మీద రాసి ఉంటుందా?”

“ఉంటుంది. వెనకవైపు.”

“నేను ముందువైపే చదివాను.”

తెచ్చిన రోజే చెప్పాల్సింది తను, చెప్పలేదని కోడలు అంది. అత్తగారు ఆ మాట కాదనలేదు.