జపాను కొట్టు

సైనికుడి ఎడమ కంట్లో కుమ్మరి పురుగు మళ్లీ గూడు పెట్టింది. సత్తియ్య బల్ల పక్కన గొంతుకూర్చుని, ఈనెపుల్లతో ఆ గూడును కొద్దికొద్దిగా గీకుతున్నాడు. బొమ్మ మట్టీ, పురుగు తెచ్చిన మట్టీ ఒకే రంగులో ఉన్నాయి. తొందరపడితే కన్నే ఊడి వచ్చేలా ఉంది.

"ఇల్లు కట్టుకోడానికి కాకినాడంతట్లో నీకు ఇదే దొరికిందా ఏంటే?" అని పురుగును కసురుకున్నాడు.

జగన్నాథరావుగారు ఓడల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో ఒకసారి జపాను దాకా వెళ్లి వచ్చారు. అంత దూరం వెళ్లినవాళ్లు పింగాణీ కప్పులో, పట్టుగుడ్డలో తెచ్చుకుంటారు. ఆయన మాత్రం అక్కడి పాతకాలపు సమాధుల దగ్గర తవ్వితీసిన మట్టి మనుషులను, తాడు అచ్చులు పడిన కుండపెంకులను, మట్టిపూసలను, తుప్పు తినగా మిగిలిన ఓ కత్తిని పెట్టెలకెత్తించి తెచ్చారు. సముద్రం దాటిన దోషం ప్రాయశ్చిత్తంతో పోయింది. శ్మశానం సరుకు ఇంట్లోకి రావడానికి మాత్రం ఆయన అక్కగారు రత్నమాణిక్యమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. చేసేది లేక ఆయన పెరట్లో ధాన్యం కొట్టు ఖాళీ చేయించి, బల్లలు వేయించి, గుమ్మం మీద మ్యూజియం అని రాయించారు. ఊరివాళ్లు దాన్ని జపాను కొట్టు అన్నారు. మొదటి ఏడు జనం విరగబడి చూశారు. ఆ తరవాత దారి తప్పిన మేకలు తప్ప అటు వచ్చినవాళ్లు తక్కువ.

సత్తియ్య ఆ కొట్టుకు కాపలా. పుట్టింది ఉప్పాడలో, పెరిగింది సముద్రం మీద. తిరగబడిన పడవ కింద కుడి భుజం నలిగి, ఆ చెయ్యి మళ్లీ చెవి దాకా లేవలేదు. తెడ్డు పట్టలేనివాడికి సముద్రంతో పనేముంది? పాదాలు మాత్రం జాలరివే: వెడల్పుగా, వేళ్లు విచ్చుకుని, మడమలు ఉప్పుకు పగిలి. ముందు సముద్రం అతని ఇంటిని తినేసింది. ఆ తరవాత భార్య మరిడమ్మ జ్వరంతో పోతే, ఒడ్డుకు దూరంగా ఉందనుకున్న దిబ్బ మీద పూడ్చాడు. రెండు తుపానులకు ఆ దిబ్బా పోయింది. ఇప్పుడక్కడ వలలు వేస్తున్నారు.

పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, వాళ్లను పూడ్చిన చోట విస్తరి పెట్టడం ఆ ఇంటి ఆచారం. సత్తియ్యకు ఆ చోటే లేకుండా పోయింది. అలల్లో పెట్టమన్నారు కులపెద్దలు. మనిషిని తీసుకుపోయినదానికే అన్నం పెట్టడమేంటని అతనికి రోషం.

కొట్టులో పనికి కుదిరిన కొత్తలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆడమనిషి. నెత్తిన కుండ. కళ్లున్న చోట రెండు బెజ్జాలు, కాస్త తెరిచిన నోరు. చేపలగంప నెత్తిన పెట్టుకుని, ఎండలో నోరు తెరిచి రొప్పుతూ వచ్చే మరిడమ్మ అచ్చం అలాగే ఉండేది. ఈ బొమ్మలెందుకు బాబూ అని అడిగితే, పోయినవాళ్లు ఒంటరిగా ఉండకుండా సమాధి చుట్టూ నిలబెట్టేవారట అని రావుగారు చెప్పారు. ఆ మాట సత్తియ్యకు చాలింది. సమాధి మనిషి ఇక్కడ నిలబడి ఉందంటే, సమాధి కూడా ఇక్కడే ఉన్నట్టు లెక్క. అప్పటినుంచి ఏటా ఆమె ముందే మరిడమ్మకు విస్తరి పెడుతున్నాడు.

ఈ ఏడు చిక్కు వచ్చింది. రావుగారి కోడలు నీళ్లోసుకుంది. శ్మశానం సరుకు పెరట్లో ఉంటే తాను పచ్చి మంచినీళ్లు ముట్టనని అక్కగారు పట్టుబట్టారు. చివరికి బొమ్మలన్నిటినీ రాజమహేంద్రవరంలో ఒక కాలేజీకి ఇచ్చేటట్టు మాట కుదిరింది. అక్కడి చరిత్ర పంతులు సూర్యప్రకాశంగారు అమావాస్యనాడే పడవ మీద వస్తున్నారు. వాటితోపాటు తననూ పంపేయమని సత్తియ్య రావుగారి కాళ్లావేళ్లా పడ్డాడు. జీతం కూడా అక్కర్లేదన్నాడు.

"చెప్పి చూస్తాలేరా. ఆ విస్తరి గొడవ మాత్రం ఇవాళ పెట్టకు. ఆయన నిష్ఠాపరుడు," అన్నారు రావుగారు.

సత్తియ్య తల ఊపాడు. పురుగు గూడు తీయడం పూర్తయ్యాక కాసేపు అలాగే కూర్చున్నాడు. ఈ ఒక్క ఏడూ మానేస్తే మరిడమ్మ ఏమనుకోదు. అనుకోదుగాని, ఆకలితో వెళ్లిపోతుంది. లేచి, తెలిసినవాళ్ల ఇంట్లో వండించి తెచ్చిన అన్నమూ చేపల పులుసూ అరటాకులో వడ్డించి బొమ్మ ముందు పెట్టాడు. పంతులుగారు వచ్చేలోపల తీసేయవచ్చని ధైర్యం. పడవ పెందరాళే వచ్చేసింది.

పంతులుగారు గుమ్మంలోనే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఏంటండీ ఇది? చేపల వాసన!"

పిల్లి తెచ్చిందని చెబితే సరిపోయేది. రావుగారు కళ్లతో ఆ మాటే సైగ చేశారు కూడా.

"మా ఆడదానికి పెట్టుకున్నానండి బాబూ. ఇవాళ అమావాస్య కదండీ," అన్నాడు సత్తియ్య.

"మరి ఈ బొమ్మ ఎవరు?"

"తెలీదండి. మాదాన్ని కనిపెట్టుకుని ఉంటాదండి."

పంతులుగారు చెడ్డవారు కాదు. ఆ పొద్దున కాలవగట్టున తన తండ్రికి నువ్వులూ నీళ్లూ వదిలే వచ్చారు. సత్తియ్యను కూడా తీసుకెళ్లమని రావుగారు దారిలోనే అడిగి ఉన్నారు. పంతులుగారు బొమ్మనూ ఆకునూ మార్చి మార్చి చూశారు.

"నీ బాధ నాకు తెలుసు. కానీ అక్కడ దొరలుంటారు, ఇవన్నీ సాగవు. కాపలాకి చిట్టియ్య అని మనిషున్నాడు," అన్నారు మెల్లగా.

సత్తియ్య వంగి ఆకు మడిచి తీసేశాడు.

మధ్యాహ్నమంతా బొమ్మలను గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. నెత్తిన కుండ ఉన్నదాన్ని చిట్టచివర, ఒక్కడూ లోపల ఉండి సర్దాడు. ఆ పెట్టెను మాత్రం తానే మోసుకెళ్లి పడవలో దించాడు.

"దీన్ని నీడన పెట్టండి బాబూ," అన్నాడు. సామర్లకోట వైపు పడవ కదిలింది.

తిరిగి వచ్చేసరికి రత్నమాణిక్యమ్మగారు కొట్టు గుమ్మంలో పసుపునీళ్లు చల్లుతున్నారు. అతని ముఖం చూసి చెంబు కింద పెట్టారు. "ఎక్కడికి పోతావురా ఇప్పుడు? ఎప్పట్లాగే ఇక్కడే పడుకో."

"ఆయ్, అలాగేనండి అమ్మగారూ," అని చాప పరుచుకున్నాడు. తెల్లారి పిలిస్తే లేవలేదు.

ఉప్పాడనుంచి నలుగురు వచ్చారు. వల అమ్మేసిన నాడు దానికి బరువుగా కట్టే, నడుమ బెజ్జం ఉన్న మట్టి గుండు ఒకటి విప్పుకుని సత్తియ్య మొలతాడుకు కట్టుకున్న సంగతి వాళ్లకు తెలుసు. ఇప్పుడు చూస్తే గుండూ లేదు, మొలతాడూ లేదు. మగవాణ్ణి అలా పంపకూడదని కొత్త తాడు కట్టి, ఉప్పాడ ఇసుకలో, నీటికి కాస్త ఎడంగా పూడ్చారు.

రాజమహేంద్రవరంలో పెట్టెలు విప్పినప్పుడు, ఆడబొమ్మ నెత్తిమీది కుండలో, గడ్డి కింద, నల్లతాడుతో ఒక మట్టిపూస దొరికింది. పంతులుగారు తాడు తీసి పారేసి, దాన్ని జపాను పూసల వరసలో గాజుపెట్టెలో పెట్టించారు. వరసలో అన్నిటికంటే నున్నగా ఉన్నది అదే.